సూర్యుడు మండడం లేదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక పిల్లల పేజీలో సూర్యుణ్ని గురించి ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు నా ఎదుట కూర్చుని పైకి చదివింది. దూరం, అడ్డుకొలత, ఉష్ణోగ్రత వంటి అంకెలన్నీ అందులో సరిగానే ఉన్నాయి. కాని మొదటి వాక్యంలోనే సూర్యుడు నిరంతరం మండుతున్న అగ్నిగోళమని రాశారు, ఆ మంటే మనకు ప్రాణాధారమని ముగించారు. మధ్యలో ఎన్ని మంచి అంకెలున్నా పిల్లల మనసులో నాటుకునేది ఆ మంటే. ముప్పై రెండేళ్ల పాటు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ని. సూర్యుడు ఎలా వెలుగుతున్నాడని అడిగిన ప్రతిసారీ పదో తరగతి పిల్లల్లో కూడా ఎక్కువమంది ‘మండుతున్నాడు’ అనే చెప్పేవారు. సూర్యుడు మండడం లేదు. ఈ ఒక్క సంగతిని మీ పత్రిక ద్వారా సరిచేయమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి.

ఆ వ్యాసం చదివిన వారం రోజులకే రథసప్తమి వచ్చింది. ఆనాడు పెరట్లో తూర్పు ముఖంగా పిడకలు పేర్చి పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం మా ఇంటి ఆచారం. మంచుకు తడిసిన పిడకలు సరిగా రాజుకోకపోవడంతో మనవరాలు విసనకర్ర పట్టుకుని కూర్చుంది. విసురుతున్నంతసేపూ కణకణలాడిన పిడక చెయ్యి ఆగగానే బూడిద కప్పుకుని నల్లబడడం రెండు మూడుసార్లు చూసి, కొబ్బరిచెట్ల మీదికి వస్తున్న సూర్యుడి వైపు తల తిప్పి, “తాతయ్యా, పైన గాలే ఉండదని చెప్పావు కదా, మరి అక్కడ ఎవరు విసురుతున్నారు?” అని అడిగింది. మీ వ్యాసంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. సూర్యుడు మండుతున్నాడని చెప్పే ఏ వ్యాసంలోనూ దీనికి జవాబు దొరకదు.

మంట అంటే రసాయనిక చర్య. పిడకలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఆ కలయికలో పరమాణువుల పైపొరల్లో ఉన్న ఎలక్ట్రాన్లు చోటు మారతాయి, కొంత వేడి బయటికి వస్తుంది. పరమాణువు నడిమధ్యన ఉన్న కేంద్రకం మాత్రం మంటకు ముందు ఎలా ఉందో తరువాతా అలాగే ఉంటుంది. సూర్యుడిలో ఆక్సిజన్ లేకపోలేదు, ద్రవ్యరాశిలో దాదాపు ఒక శాతం ఉంది. అయితే సూర్యుడి ఉపరితలం మీదే ఉష్ణోగ్రత సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్, నడి గర్భంలో ఒకటిన్నర కోటి డిగ్రీలు. అంత వేడిలో అణువులు కూడి ఉండడం అటుంచి, పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను కూడా పట్టి ఉంచుకోలేవు. ఎలక్ట్రాన్లూ కేంద్రకాలూ విడివిడిగా తిరుగాడే ఆ స్థితినే ప్లాస్మా అంటాం. సూర్యుడి లోపలంతా ఉన్నది అదే. అక్కడ నిప్పంటుకోవడానికి వీలే లేదు.

పోనీ, ఎలాగో మండుతున్నాడనే అనుకుందాం. సూర్యుడి బరువు భూమి బరువుకు 3 లక్షల 33 వేల రెట్లు. సౌరకుటుంబం మొత్తంలోని ద్రవ్యరాశిలో 99.8 శాతానికి పైగా ఆయన ఒక్కడిలోనే ఉంది. అంత బరువు గల మేలిరకం బొగ్గు కుప్పను, ఇప్పుడు సూర్యుడు ఇస్తున్నంత వెలుగూ వేడీ ఇచ్చేలా మండిస్తే, అది ఐదు వేల ఏళ్లకు మించి నిలవదు. చదువుకున్న పిల్లవాడు ఎవరైనా చేయగలిగిన లెక్క ఇది. పందొమ్మిదో శతాబ్దంలో దీనికి చిక్కి కలవరపడిన శాస్త్రవేత్తల్లో హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ వంటి ఉద్దండులు ఉన్నారు. సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోతున్నాడని, ఆ నలుగుడులో పుట్టిన వేడే వెలుగుగా వస్తోందని వారు ఊహించారు. ఆ లెక్కన సూర్యుడి ఆయుష్షు కొన్ని కోట్ల ఏళ్లకు పెరిగింది గాని అదీ సరిపోలేదు. హైదరాబాదులో దారికి అటూ ఇటూ కనబడే గ్రానైటు గుండ్ల వయసే సుమారు 250 కోట్ల ఏళ్లు. సూర్యుడి కింద పడి ఉన్న రాయి సూర్యుడికన్నా పాతది ఎలా అవుతుంది? నేటి లెక్కల ప్రకారం సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు, ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్లు ఇలాగే వెలుగుతాడు. ఏ మంటకూ ఇంత ఆయుష్షు ఉండదు.

మంట తాకలేని కేంద్రకమే సూర్యుడిలో మారుతుంది. గర్భంలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకంగా మారతాయి. దీన్నే మన పాఠ్యపుస్తకాలు కేంద్రక సంలీనం అంటున్నాయి. ఇలా పుట్టిన హీలియం కేంద్రకం బరువు ఆ నాలుగింటి మొత్తం బరువుకన్నా 0.7 శాతం తక్కువ ఉంటుంది. తగ్గిన ఆ బరువే శక్తిగా మారి వెలుగవుతుంది. ప్రతి సెకనూ సూర్యుడిలో సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతుంటే, అందులో 42 లక్షల టన్నులు బరువుగా మిగలకుండా శక్తి రూపంలో వెళ్లిపోతాయి. టన్నులంటే పిల్లలకు పట్టుబడవు గనుక నేను తరగతిలో టీఎంసీల్లోకి మార్చి చెప్పేవాణ్ని. నాగార్జునసాగర్ నిండినప్పుడు పట్టే 312 టీఎంసీల నీళ్ల బరువు ఎంతో, అంత బరువు గల హైడ్రోజన్ సూర్యుడిలో పదిహేను సెకన్లకొకసారి హీలియం అయిపోతోంది. సాగర్ డ్యామ్‌ను ఒక్కసారైనా చూసిన పిల్లలకు ఈ మాట మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఈ అంకె విన్నవాళ్లు వెంటనే మరో తప్పులో పడతారు. మంట కాకపోతే సూర్యుడు పెద్ద హైడ్రోజన్ బాంబు అన్నమాట అంటారు. అదీ కాదు. అక్కడ జరిగే చర్య ఊహకందనంత నిదానం. గర్భంలోని ఒక్కొక్క హైడ్రోజన్ కేంద్రకానికి తన తోటి కేంద్రకంతో కలిసే అవకాశం రావడానికి సగటున వందల కోట్ల ఏళ్లు పడుతుంది. నడి గర్భంలో సైతం ఒక ఘన మీటరు చోటులో పుట్టే శక్తి 300 వాట్లకు లోపే, అంటే నాలుగు సీలింగు ఫ్యాన్లకు సరిపడేంత. పల్లెల్లో చలికాలం పొద్దున్నే పెంటదిబ్బ నుంచి ఆవిరి లేవడం చూసినవాళ్లకు దాని లోపలి వేడి తెలుసు. సూర్యగర్భంలో వేడి పుట్టే జోరు కూడా ఇంచుమించు ఆ పెంటదిబ్బ పాటిదే. మన ఒంట్లో, అంతే చోటులో, అంతకన్నా ఎక్కువ వేడి పుడుతుంది. అయినా సూర్యుడు సూర్యుడయ్యాడంటే ఆయన పరిమాణం వల్లే. అడ్డంగా భూమికి 109 రెట్లు, అంటే సుమారు 13 లక్షల 92 వేల కిలోమీటర్లు. లోపల 13 లక్షల భూములు పడతాయి. తన బరువుతోనే తనను అదిమిపట్టి ఉంచుకుంటాడు గనుక, గర్భం ఏ కాస్త వేడెక్కినా వ్యాకోచించి తిరిగి చల్లబడుతుంది, చర్య నెమ్మదిస్తుంది. చల్లబడితే కుంచించుకుని మళ్లీ వేడెక్కుతుంది. బాంబుకు ఈ అదుపు లేదు. ఈ అదుపు ఉండబట్టే భూమి మీద జీవం పుట్టి పెరగడానికి కావలసిన వ్యవధి దొరికింది.

ఇదంతా ఎలా తెలిసింది అన్నది మీ వ్యాసం పూర్తిగా వదిలేసిన సంగతి. అందులో మన ఊళ్లకు సొంత భాగం ఉంది, అందుకే దీన్ని కొంచెం వివరంగా రాయాలని ఉంది.

వంటింట్లో చారు పొంగి పొయ్యి మీద పడితే నీలంగా ఉన్న గ్యాసు మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం అందరం చూసిందే. చారులోని ఉప్పులో ఉన్న సోడియం చేసే పని అది. వేడెక్కిన ప్రతి మూలకమూ తనవైన కొన్ని రంగుల్లోనే వెలుగునిస్తుంది. సోడియానిది 589 నానోమీటర్ల (వెలుగు అలల పొడవుకు కొలమానం) దగ్గర పక్కపక్కనే ఉండే రెండు పసుపు గీతలు. సూర్యకాంతిని పట్టకంతో విడదీసినప్పుడు ఏడు రంగుల పట్టీ మీద సన్నని నల్ల గీతలు వందలకొద్దీ ఉంటాయని జర్మన్ కటకాల నిపుణుడు ఫ్రౌన్‌హోఫర్ 1814లో గుర్తించాడు. సూర్యుడి వాతావరణంలోని మూలకాలు తమ తమ రంగులను మింగివేయడం వల్లే ఆ గీతలు ఏర్పడ్డాయని 1859లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ చెప్పాడు. దానితో సూర్యుణ్ని తాకకుండానే ఆయనలో ఏమున్నదో చదవగలిగే అక్షరాలు మనిషికి దొరికినట్లయింది.

ఆ అక్షరాలు పట్టుకునే 1868 ఆగస్టులో పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చాడు. ఆ నెల 18వ తేదీ ఉదయం మన కోస్తా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గుంటూరులో ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు. అదే ఊళ్లో మేజర్ టెనంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం ఒకటి, బందరులో మద్రాసు వేధశాల ఖగోళజ్ఞుడు నార్మన్ పాగ్సన్ తమ పరికరాలతో సిద్ధంగా ఉన్నారు. నక్షత్రాల వెలుగును కొలవడానికి నేటికీ వాడుతున్న లెక్కను స్థిరపరిచింది ఈ పాగ్సనే. చంద్రబింబం నల్లగా కప్పుకోగానే దాని అంచున ఎర్రని మొలకల్లాంటి ఎగసిపాట్లు కనిపించాయి. వాటిని వర్ణపటదర్శినిలో, అంటే వెలుగును రంగుల పట్టీగా విడదీసి చూపే పరికరంలో, చూస్తే నల్ల గీతలకు బదులు ప్రకాశవంతమైన రంగు గీతలు కనిపించాయి. అంటే అవి వేడెక్కిన పల్చని వాయువులు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్.

జాన్సెన్ గొప్పతనం ఆ తరువాతి ఆలోచనలో ఉంది. ఆ గీతలు అంత కాంతిమంతంగా ఉన్నప్పుడు గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చు కదా అని ఆయనకు తట్టింది. పగటి ఆకాశపు వెలుగును వర్ణపటంగా పరిస్తే అది రంగులన్నిటా చెదిరి పల్చబడిపోతుంది. ఎగసిపాట్ల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే పోగుపడి ఉంటుంది గనుక పల్చబడదు. మర్నాడు, 19వ తేదీ పొద్దున, గుంటూరులోనే మామూలు సూర్యుడి అంచున ఆయన ఆ గీతలను మళ్లీ చూశాడు. అప్పటిదాకా గ్రహణం నాడు కొద్ది నిమిషాలు తప్ప కనబడని సూర్యుడి పైపొరలు ఆ రోజు నుంచి ఏ రోజైనా చూడడానికి వీలయ్యాయి. ఈ సంగతిని ఆయన కాకినాడ నుంచి ఉత్తరం రాసి పారిస్ అకాడమీకి పంపాడు. సరిగ్గా అదే పద్ధతిని ఇంగ్లండులో స్వతంత్రంగా కనిపెట్టిన నార్మన్ లాకియర్ సమాచారమూ, కాకినాడ నుంచి సముద్రాలు దాటి వెళ్లిన ఈ ఉత్తరమూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చాయి. ఇద్దరికీ కలిపి ఆ ఘనతను ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. హీలియాన్ని గుంటూరులో కనుగొన్నారని మన పత్రికల్లో తరచు రాస్తుంటారు. గుంటూరువాణ్ని గనుక ఆ మాట వినడానికి నాకూ సంతోషంగానే ఉంటుంది గాని అది పూర్తిగా సరి కాదు. ఆనాటి గ్రహణంలో పసుపు గీత ఒకటి కనిపించిన మాట వాస్తవం. బందరులో పాగ్సన్ కూడా దాన్ని చూశాడు. అది చారు పొంగిన మంటలో కనబడే సోడియం గీతే కావచ్చునని చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది చివర్లో లాకియర్ జాగ్రత్తగా కొలిచి చూస్తే అది సోడియం గీతల దగ్గర 589 వద్ద కాక 587.6 నానోమీటర్ల వద్ద ఉన్నట్లు తేలింది. ఒకటిన్నర నానోమీటర్ల తేడా! భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేదు. అందువల్ల అది సూర్యుడిలోనే ఉన్న కొత్త మూలకమై ఉంటుందని లాకియర్ అన్నాడు. సూర్యుడికి గ్రీకు పేరైన ‘హీలియోస్’ మీదుగా దానికి హీలియం అన్న పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూసేదాకా, దాదాపు ఇరవై ఏడేళ్లు, హీలియం సూర్యుడిలో మాత్రమే ఉన్న మూలకం. భూమి మీద దొరకకముందే ఆకాశంలో దొరికిన మూలకం అది. గుంటూరు, బందరు పరిశీలనలు ఆ కథకు తొలి మెట్లు. అంత చెబితే చాలు, మన ఊరికి ఏమీ లోటు రాదు.

భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరపు నల్ల ఇసుకలో ఉన్న మోనజైట్ అనే ఖనిజంలోనూ హీలియం చిక్కుకుని ఉంటుంది. అందులోని థోరియం కాలక్రమాన క్షీణిస్తూ దాన్ని పుట్టిస్తుంది. ఆస్పత్రిలో ఎమ్మారై యంత్రం అయస్కాంతాలను చల్లబరిచేది కూడా ఈ హీలియమే. సూర్యుడిలోనేమో ద్రవ్యరాశిలో ఇంచుమించు నాలుగో వంతు హీలియం ఉన్నా, మామూలు సూర్యకాంతి పట్టీలోని నల్ల గీతల్లో దాని జాడ కనబడదు. కంటికి కనిపించే సూర్యబింబం ఉపరితలంలో ఆ గీత ఏర్పడేంత వేడి లేదు. పైపొరల్ని విడిగా చూడగలిగిన గ్రహణం రోజునే అది బయటపడడానికి కారణం అదే.

మిగిలిన మూడు వంతుల సంగతి తేలడానికి ఇంకా అర్ధ శతాబ్దం పట్టింది. గీత బలంగా ఉంటే ఆ మూలకం ఎక్కువగా ఉన్నట్లేనని అప్పటివరకు అనుకునేవారు, ఆ లెక్కన సూర్యుడు ఇంచుమించు భూమిలాగే ఇనుము వంటి లోహాలతో నిండినవాడని భావించారు. గీత బలం మూలకం ఎంత ఉందన్నదాని మీదే కాక, అక్కడి ఉష్ణోగ్రతలో దాని పరమాణువులు ఏ మేరకు ఎలక్ట్రాన్లను కోల్పోయాయన్నదాని మీద కూడా ఆధారపడుతుందని 1920లో మన మేఘనాథ్ సాహా సమీకరణం రాసి చూపించాడు. ఆ సమీకరణాన్ని నక్షత్రాల వర్ణపటాలకు వర్తింపజేసి 1925లో సెసీలియా పేన్ అనే యువ పరిశోధకురాలు, నక్షత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది హైడ్రోజనేనని తేల్చింది. పెద్దలు ఒప్పుకోకపోవడంతో ఆ ఫలితం బహుశా నిజం కాకపోవచ్చని తన సిద్ధాంత గ్రంథంలో తానే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్లకు, ఆమెను వారించిన ఖగోళశాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెలే ఆమె చెప్పింది సరైనదని ఒప్పుకున్నాడు. సంలీనానికి కావలసిన హైడ్రోజన్ సూర్యుడి నిండా ఉందని అలా తేలింది. ఆ సంలీనం ఏ మెట్ల మీదుగా జరుగుతుందో 1938–39లో హాన్స్ బేథె వివరించాడు. మీ పిల్లల పేజీలో ఈ అమ్మాయి కథ ఒక్కటి వేసినా ఆ వారానికి అదే చాలు.

సూర్యగర్భంలో సంలీనం జరుగుతోందన్నది ఇప్పుడు కేవలం లెక్క కాదు. అక్కడ పుట్టిన వెలుగు కణకణానికీ గుద్దుకుంటూ ఉపరితలానికి రావడానికి వేలు, లక్షల ఏళ్లు పడుతుంది. బయటపడ్డాక 15 కోట్ల కిలోమీటర్లు దాటి మన దగ్గరికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు చాలు. సంలీనంలోనే పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు మాత్రం దేనికీ ఆగకుండా నేరుగా వచ్చేస్తాయి. ఈ ఉత్తరం చదువుతున్న మీ బొటనవేలి గోరంత చోటు గుండా ప్రతి సెకనూ సుమారు 6,500 కోట్ల సూర్య న్యూట్రినోలు వెళ్తున్నాయి. అమెరికాలో ఒక బంగారు గని అడుగున, బట్టల డ్రైక్లీనింగుకు వాడే రసాయనాన్ని లక్షల లీటర్లు పెద్ద తొట్టిలో నింపి రే డేవిస్ అనే శాస్త్రవేత్త వాటిని పట్టుకున్నాడు. లెక్క ప్రకారం రావలసిన వాటిలో మూడో వంతే దొరికాయి. తక్కినవి దారిలో రూపం మార్చుకున్నాయని 2001–02లో కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం నిర్ధారించడంతో లెక్క కుదిరింది. ఏ మంటా న్యూట్రినోలను పుట్టించదు.

నిప్పుతో పోలిక నిలవదనడానికి ఇంకొక నిదర్శనం ఉంది. నెగడు నుంచి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గాలి. సూర్యుడి విషయంలో 5,500 డిగ్రీల ఉపరితలం దాటి పైకి వెళితే, గ్రహణం వేళ తెల్లని కిరీటంలా కనిపించే కరోనాలో ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలను మించుతుంది. 1869 గ్రహణంలో అక్కడ ఒక ఆకుపచ్చ గీత కనిపించినప్పుడు, హీలియం లాగే ఇదీ కొత్త మూలకమేననుకుని కరోనియం అని పేరు కూడా పెట్టారు. డెబ్బై ఏళ్ల తరువాత తేలిందేమిటంటే అది మామూలు ఇనుమే, అయితే తన 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుము. అందుకు లక్షల డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి వెనుక సూర్యుడి అయస్కాంత క్షేత్రాల హస్తం ఉందని తెలిసింది గాని, ఏ పద్ధతిలో అన్నదాని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన కక్ష్యకు చేరిన ఆదిత్య–ఎల్1 అంతరిక్షనౌకలోని కరోనా దర్శిని ప్రత్యేకంగా గమనిస్తున్న గీతల్లో ఆ ఆకుపచ్చ గీత ఒకటి. 1868లో గుంటూరులో ఐదు నిమిషాలు చూడగలిగినదాన్ని ఇప్పుడు అక్కడినుంచి ఎడతెగకుండా చూస్తున్నారు.

నా బాధంతా చెప్పాలంటే ఇంకొక రోజు గురించి చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం తెలుగునేల మీదుగా మళ్లీ సంపూర్ణ గ్రహణం పట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలో ఉండడంతో అక్కడ శాస్త్రవేత్తలు పరిశీలనలు జరిపారు. గుంటూరులో సూర్యబింబం చాలావరకు కప్పుకుంది. అప్పటికి నేను కళాశాల విద్యార్థిని. మా వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి, మా నాయనమ్మ ఊరగాయ జాడీల మీదా నీళ్ల బిందెల మీదా దర్భలు వేసింది. నేనూ అందరితోపాటు లోపలే కూర్చున్నాను. ఉండబట్టలేక పెరటి తలుపు ఓరగా తీసి చూస్తే, తాటాకు పందిరి సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి ఎండ చుక్కలన్నీ నెలవంకలుగా మారి ఉన్నాయి. పెరడంతా వందల నెలవంకలు. ప్రతి సందూ సూర్యుడి బొమ్మను నేల మీద గీస్తోందని, కళ్లకు ఏ ప్రమాదమూ లేకుండా గ్రహణాన్ని అలా చూడవచ్చునని నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నూటపన్నెండేళ్ల కిందట ప్రపంచంలోని శాస్త్రవేత్తలు ఓడలెక్కి ఏ ఊరికి వచ్చి చూశారో, ఆ ఊళ్లో మేం తలుపులు వేసుకున్నాం. నాయనమ్మను నేనేమీ అనను. ఆమెకు సూర్యుడంటే భక్తి, ఆ భక్తి నాకూ ఉంది, ఇప్పటికీ రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టుకునే స్నానం చేస్తాను. మాకు ముందుగా చెప్పవలసిన పాఠమూ పత్రికా ఆ రోజు మా ఇంటికి చేరలేదన్నదే నా విచారం.

‘భానుడి భగభగలు’, ‘నిప్పులు చెరుగుతున్న సూర్యుడు’ అని రోహిణి కార్తెలో మీరు పెట్టే శీర్షికల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, అది భాషలో ఉన్న అందం. ఎండలు ముదిరినప్పుడల్లా సూర్యుడు దగ్గరికి వచ్చాడని రాయడం మాత్రం మానాలి. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దూరంగా ఉండేది జులైలో. విజ్ఞాన పుటలో మాట తూచి వాడాలి. సూర్యుడి మచ్చలను చల్లారిన బొగ్గుల్లా వర్ణించడం కూడా అలాంటి పొరపాటే. అయస్కాంత క్షేత్రం బలంగా ఉండి లోపలి వేడిని పైకి రానీయని చోట్లవి, చుట్టూ ఉన్న వెలుగు పక్కన నల్లగా కనిపిస్తాయి గాని వాటి ఉష్ణోగ్రత కూడా సుమారు 3,500 డిగ్రీలు ఉంటుంది. ‘సౌరజ్వాల’ అన్న పారిభాషిక పదం స్థిరపడిపోయింది గనుక దాన్ని మార్చమని అడగను, అయితే ఆ మాట వచ్చినప్పుడల్లా అది మంట నాలుక కాదని, అయస్కాంత శక్తి ఒక్కసారిగా విడుదలవడమని ఒక వాక్యం చేర్చితే చాలు.

నా విన్నపం ఇది. వచ్చే ఆగస్టు 18కి ముందు వచ్చే పిల్లల పేజీలో, సూర్యుడు మండడం లేదన్న సవరణతో పాటు గుంటూరు గ్రహణం సంగతిని వేయండి. పిల్లలు ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటి కూడా దానికి జత చేయండి. చెప్పుల అట్టపెట్టెకు ఒక చివర రెండు బ్లేడు ముక్కలను వెంట్రుకవాసి సందు ఉండేలా అతికించి, రెండో చివర పనికిరాని డీవీడీ ముక్కను ఏటవాలుగా అమర్చి, పక్కన కన్ను పెట్టి చూడడానికి చిన్న రంధ్రం చేయాలి. సందును సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పకూడదు, తెల్లని మబ్బు వైపు తిప్పితే చాలు. రంగుల పట్టీ మీద సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. తరువాత ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డపీలికను పెద్దల సాయంతో మంటలో పెట్టించి చూస్తే, మబ్బు వెలుగులో నల్ల గీత ఉన్న చోటే పసుపు గీత మెరుస్తుంది. మా మనవరాలు కిందటి ఆదివారం అది చూసి, పెట్టెను తీసుకుని మళ్లీ పెరట్లోకి పరిగెత్తింది. ఇంతకీ పిడకల దగ్గర ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నేనే చెప్పాను. మీ పత్రికలో కూడా చదవాలని ఎదురుచూస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు.